మెరుపు కాల్‌కు ఎనిమిది పనులు

పోయిన నెల ఇంటికి రంగులు వేయించాను. ఏ ముహూర్తాన ఆ బుద్ధి పుట్టిందో గానీ, నాలుగు రోజుల్లో అయిపోతుందన్న పని పదకొండు రోజులు సాగింది. గదుల్లోని సామానంతా వరండాలోకి వచ్చింది, వరండాలో కూర్చునే మా ఆయన వంటింట్లోకి వచ్చాడు, వంటింట్లో ఆయన్ని భరించలేక నేను పెరట్లోకి పోయాను. ఆ గత్తరలో అమ్మ మంచం కింది నుంచి మా బాపు ఇనుప సందుగ బయటపడింది. బాపు పోయి చాలా ఏళ్ళైంది. వరంగల్ చౌరస్తా వెనక సందులో దారాలు, గుండీలు, లేసులు అమ్మి మమ్మల్ని పెంచిన మనిషి కనుక సందుగ నిండా గుండీలే ఉంటాయనుకున్నాను. గుండీలే ఉన్నాయి. అయితే వాటి అడుగున, పాత తువ్వాలలో చుట్టి, చేతెడు పొడవున్న ఇనుప తీగె ఒకటి దొరికింది. ఒక కొసను కొక్కెంలా వంచారు, రెండో కొసకు కాగితాలు జారిపోకుండా కోటు గుండీ ఒకటి కట్టారు. ఆ రెంటి మధ్య పచ్చబారిన చిట్టీలు, వందకు పైనే, ఒకదాని మీద ఒకటి గుచ్చి ఉన్నాయి.

చేతికందిన చిట్టీ ఒకటి తిప్పి చదివాను. కోడి కెలికినట్టున్న అక్షరాలు. "బుజ్జి నుంచి అమ్మకు. ఆర్డినరీ. నా చెవుల పల్లిగింజ ఉన్నది. నొస్తలేదు." నేను ఎంత గట్టిగా నవ్వానంటే నిచ్చెన మీదున్న రంగులాయన బ్రష్షు ఆపి "ఏమైందమ్మా?" అన్నాడు. "మా చెల్లె చెవుల పల్లిగింజ ఉన్నదయ్యా" అన్నాను. "అయ్యో, మరి దవాఖానకు తోల్కపోరాదుండ్రి!" అన్నాడు పాపం, నిజంగా కంగారుపడి. మా చెల్లెకిప్పుడు యాభై దాటాయి. ఈ మధ్యనే బీపీ మాత్రలు కూడా మొదలుపెట్టింది.

ఆ చిట్టీల సంగతి తెలియాలంటే మా అమ్మ కొలువు సంగతి తెలియాలి. అమ్మ పేరు విమల. ఊళ్ళో టెలిఫోన్ ఆఫీసులో ట్రంకు బోర్డు మీద ఆపరేటరు. ఆ రోజుల్లో వరంగల్ నుంచి హైదరాబాదుకు మాట్లాడాలంటే ముందు కాల్ బుక్ చేసుకుని, అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, ఇంకో చాయ్ తాగి, ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూడాలి. అవతల అమ్మలాంటి వాళ్ళు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎదుట బోర్డుకున్న బొక్కల్లో వైర్లు ఒకటి పీకి ఒకటి గుచ్చుతూ ఈ ఊరిని ఆ ఊరితో కలిపేవాళ్ళు. కాల్స్ మూడు రకాలు. ఆర్డినరీ అంటే వరుసలో వస్తుంది, ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. అర్జెంట్ అంటే కాస్త ముందు. లైట్నింగ్ అంటే అన్నిటినీ పక్కకు నెట్టి అప్పటికప్పుడు కలపాలి, అయితే ఖర్చు మాత్రం ఆర్డినరీకి ఎనిమిదింతలు. ఏ రకమైనా మూడు నిమిషాలు కాగానే అమ్మ లైన్లోకి వచ్చి, "త్రీ మినిట్స్. పెంచాల్నా?" అని అడుగుతుంది. పెంచమంటే పెంచుతుంది, లేదంటే వైరు పీకేస్తుంది. ఎవరు మాట్లాడుతున్నారన్నది ఆమెకు లెక్కలేదు.

పెళ్ళిచూపుల్లో మా బాపు అడిగింది ఒకే ఒక్క ప్రశ్నట. "ఆ ఫోనుల హైదరాబాద్ నిజంగనే ఇనవస్తదా?" అని. "ఇనవస్తది" అని అమ్మ చెప్పిందట. ఆ జవాబుకే ముగ్ధుడైపోయి పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయ్యాక మాత్రం ఆ హైదరాబాదులో ఏం వినవచ్చిందో ఒక్క ముక్క చెప్పించలేకపోయాడు. గింజల వ్యాపారులంతా అమ్మ చెవిలో నుంచే మాట్లాడేవాళ్ళు గదా, బాపుకు వాళ్ళ ముచ్చట్లంటే ప్రాణం. "జర చెప్పవే విమలా, నేనెవనికి చెప్త?" అని వెంటపడేవాడు. అమ్మ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చునేది. "ఒకరి కాల్ ముచ్చట ఇంకొకరికి చెప్పద్దు" అనేది. ఇంతా చేసి, ఊరందరికీ ఫోన్లు కలిపే ఆమె ఇంట్లో ఫోన్ లేదు. మట్టెవాడలో మేముండే రెండు గదుల కిరాయి ఇంట్లో రేడియో కూడా కొడితేనే పలికేది.

అమ్మకు ఎక్కువగా పొద్దున ఏడింటి డ్యూటీ పడేది. ఆ వేళకల్లా బియ్యం కడిగి, పచ్చిపులుసు పిసికి, మా ఇద్దరి జడలు పుర్రె కదిలిపోయేంత బిగించి వేసి, రిక్షా ఎక్కేది. కూరగాయలు తరగడం బాపు పని. ఆయనకు కత్తిపీట చేతకాదు. దుకాణంలో లేసు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చి బెండకాయలు కత్తిరించేవాడు, అదీ పక్కన టేపు పెట్టుకుని, ముక్కకు ఇంచీ లెక్కన. మా ఇంటి బెండకాయ కూర అంత వరసగా వరంగల్ మొత్తంలో ఇంకెక్కడా ఉండేది కాదు, రుచి మాత్రం అడగకండి. మధ్యాహ్నం రెండున్నరకు అమ్మ వచ్చేది. మెడ దగ్గర కొబ్బరినూనె వాసన, చెవుల దగ్గర ఆ హెడ్‌ఫోన్ రబ్బరు వాసన. వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే ముగ్గురం మీద పడేవాళ్ళం. నా లెక్కల పుస్తకం పోయింది, బుజ్జికి పలక కావాలి, బాపు బనియన్ ఎక్కడుందో బాపుకు తెలియదు. అన్నీ ఒకేసారి, ఒకే గొంతుగా.

ఒకనాడు అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగుండ్రి! ఒక్క లైన్ల ముగ్గురు మాట్లాడితె ఎవలిది ఇనాలె? బుక్ చేసుకోండ్రి!" అంది. ఊరికే అన్నమాటే. కానీ అన్నాక ఆమెకే నవ్వొచ్చింది, నవ్వాక ముచ్చటేసింది. ఆ సాయంత్రమే బాపు తీగె వంచి గుండీ కట్టాడు, దాన్ని వంటింటి మేకుకు తగిలించారు. పాత క్యాలెండర్ కాగితాలు కోసి చిట్టీలు చేశారు. ఎవరి నుంచి, ఎవరికి, ఏ రకం, ఏం సంగతి, అన్నీ రాసి గుచ్చాలి. ఆర్డినరీకి ఏమీ చెయ్యక్కర్లేదు, కానీ మరునాటిదాకా ఆగాలి. అర్జెంట్ అయితే ఆనాడే వింటుంది, దానికి నల్లా నుంచి రెండు బిందెల నీళ్ళు తేవాలి. లైట్నింగ్‌కు బుజ్జి నోరు తిరగదు కనుక మా ఇంట్లో దాని పేరు మెరుపు. మెరుపు గుచ్చితే అమ్మ ఏ పనిలో ఉన్నా వదిలేసి వచ్చి ఎదురుగా కూర్చుని వినాలి. బదులుగా ఎనిమిది పనులు చెయ్యాలి. గిన్నెలు తోమడం, పప్పు రుబ్బడం లాంటివి, ఎనిమిది. అంత సాహసం ఎవరికీ లేదు. బాపు కూడా బనియన్ పోతే అర్జెంట్ దాకా వచ్చేవాడే గానీ మెరుపు దాకా పోలేదు, రెండు రోజులు బనియన్ లేకుండానే తిరిగాడు.

వంతు రాగానే అమ్మ చిట్టీ తీసి, గోడ గడియారం చూసి, వెనక "మొదలు" అని టైం రాసి, బోర్డు మీది గొంతుతో "మాట్లాడుండ్రి" అనేది. మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ అమ్మ మనదే. కూర మాడినా లేవదు, తలుపు కొట్టినా చూడదు, కళ్ళార్పకుండా మన మొహమే చూస్తుంది. అవ్వగానే "ముగింపు" రాసి మళ్ళీ తీగెకు గుచ్చుతుంది. ఎంత పెద్ద దుఃఖమైనా మొదట్లో సగమే చెప్పి, మిగతా సగానికి ఎక్స్‌టెన్షన్ అడిగేవాళ్ళం. ఆమె ఎంత అలసిపోయి వచ్చినా ఈ ఆట దగ్గర ఆమె మొహం వెలిగిపోయేది. ఏడు గంటలు ముక్కూ మొహం తెలియనివాళ్ళను కలిపి కలిపి, ఇంటికొచ్చి తనకు తాను మమ్మల్ని కలుపుకునేది. మాకంటే చిన్నపిల్ల ఆమేనని నాకు అప్పుడు తెలియదు.

ఇంత చక్కగా సాగుతుంటే మరిపెడ నుంచి మా నాయనమ్మ దిగింది. బాపు తల్లి. పెదనాయన దగ్గర, ఆయన కిరాణా దుకాణం వెనకింట్లో ఉండేది. చిన్న మనిషి, పెద్ద గొంతు, చేతిలో ఎప్పుడూ ఆకువక్క సంచి. దుకాణమున్న ఇంటి కోడలు బయటికి పోయి కొలువు చెయ్యడమేమిటని ఆమెకు పెళ్ళయిన నాటి నుంచీ కడుపులో మంటే. అరుగు మీద సంచి పెట్టగానే బాపుతో చెప్పేసింది. "నెల రోజులుంట. ఇల్లు ఇల్లు లెక్క నడిస్తె నేను నోరు దెరువ. నడువకపోతె కోడలు కొలువు బంజెయ్యాలె. ఇప్పుడే చెప్తాన, మల్ల అవ్వ చెప్పలే అనద్దు." బాపు జీవితంలో తల్లి మాటకు ఎదురు చెప్పింది లేదు. "సరే అవ్వా" అన్నాడు. ఆయన ఆ రెండు మాటలు ఎంత తేలిగ్గా అన్నాడంటే, గుండీల ధర చెప్పినట్టే అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ బాపుతో మాట్లాడటం నేను విన్నాను. కోప్పడలేదు. "బంజెయ్యుమంటే చేస్త. మీ అవ్వ మాట మీరు కాదనరని నాకెర్కే. గని ఒక్కటి చెప్త, ఇనుండ్రి. నాకు ఇల్లంటే సంతోషమే. ఆడికి పోయి వచ్చినంక ఈ ఇల్లు ఇంకింత సంతోషమనిపిస్తది. ఇంట్లనే ఉంటె గట్ల అనిపిస్తదో లేదో నాకెర్క లేదు" అంది. బాపు కత్తెరతో గోళ్ళు కత్తిరించుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు, ఆ ఇంట్లో అందరికంటే తెలివైనదాన్ని నేనేనని నా గట్టి నమ్మకం. అమ్మ కొలువు కాపాడే బాధ్యత నా మీదే పడిందని నిర్ణయించుకున్నాను.

కొడుకు కూరగాయలు కోయడం నాయనమ్మ కంట పడొద్దని మొదట బాపు కత్తెర దాచేశాను. దాంతో ఆయన బెండకాయలు చేత్తో విరిచాడు, అది చూసి నాయనమ్మ "వీనికి పెండ్లి చేసినమా, పాపం చేసినమా" అని నుదురు కొట్టుకుంది. తరవాత చిట్టీల తీగె తీసి బియ్యం డ్రమ్ము వెనక తగిలించాను. కన్నతల్లితో మాట్లాడటానికి పిల్లలు చిట్టీ రాసుకోవాలని నాయనమ్మకు తెలిస్తే కొంప మునుగుతుంది గదా. ఈ నెల చిట్టీల్లేవు, ఏమున్నా మెల్లగా నోటితో చెప్పాలని బుజ్జికి నూరిపోశాను. అమ్మ ఇంటికి రాగానే మీద పడొద్దు, నాయనమ్మ చూస్తుంది, నవ్వుతూ ఉండు అన్నాను. ఆరేళ్ళ పిల్ల, అన్నిటికీ బుద్ధిగా తలూపింది. తలూపడమంటే ఒప్పుకోవడం కాదని నాకింకా తెలియని వయసు.

మూడు వారాలు బాగానే గడిచాయి. నాయనమ్మకు వంక దొరక్క చిరాకు పడేది. గిన్నె తిప్పి చూసేది, మసి లేదు. పప్పు రుచి చూసేది, ఉప్పు సరిపోయింది. మేమిద్దరం స్కూల్లో డ్రిల్లు చేసినట్టు ఇంట్లో నడిచేవాళ్ళం. నవ్వుతూ ఉండమన్నాను కదాని బుజ్జి నిద్రలో కూడా పళ్ళికిలించేది. నిజం చెప్పాలంటే ఆ మూడు వారాలూ మా ఇల్లు నాకే నచ్చలేదు. అమ్మ వచ్చేది, పని చేసేది, పడుకునేది. గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది.

నాలుగో వారం ఆదివారం అమ్మకు డ్యూటీ పడింది. నాయనమ్మ నువ్వులనూనె వెచ్చచేసి మాకు తలంటడానికి కూర్చుంది. చెవిలో రెండు చుక్కలు నూనె పోయనిదే ఆమె లెక్కలో అది తలంటే కాదు. బుజ్జి తల ఒళ్ళో పెట్టుకుని, కుడి చెవి వంచి చూసి, "ఓ పిల్లా, నీ చెవుల ఏందే ఇది?" అంది.

"పల్లిగింజ" అంది బుజ్జి, చాలా మామూలుగా.

"పల్లిగింజనా! ఎప్పుడు వెట్టుకున్నవే?"

"మొన్న. చిట్టీ రాసిన. ఆర్డినరీ."

"చిట్టీ ఏందే? ఎవలికి రాసినవ్?"

"అమ్మకు. బియ్యం డ్రమ్ము ఎనుకాల గుచ్చిన. అమ్మ ఇంక సూళ్లే."

నేను దాచిపెట్టిన తీగెను వెతికి పట్టుకుని, దానికి బుద్ధిగా చిట్టీ గుచ్చి, రెండు రోజులుగా వంతు కోసం ఎదురుచూస్తోంది మహాతల్లి. "అర్జెంట్ రాయకపోయినవా?" అని నేను పళ్ళు నూరితే, "రెండు బిందెలు తేవాలె గదా అక్కా. నొస్తలేదు గదా" అంది. నాయనమ్మ ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుకు పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. తల నిండా నూనె కారుతున్న బుజ్జిని చంకనేసుకుని, బాపును వెంటబెట్టుకుని, రిక్షాలో దవాఖానకు పోయింది. డాక్టరు సన్న కొక్కెంతో లటుక్కున తీసేశాడు. బుజ్జి ఆ గింజ తనకిమ్మని అడిగిందట. తినడానికని తెలిసి డాక్టరు ఇవ్వలేదట.

తిరిగొచ్చి నాయనమ్మ గడపలో కూర్చుంది. ఆకువక్క సంచి కూడా విప్పలేదు. "పిల్ల చెవుల పల్లిగింజ వెట్టుకొని, తల్లికి చెప్పతందుకు కాయితం రాసి ఇనుప తీగెకు గుచ్చిందిరా రాజేశం! ఇది ఇల్లా, కచేరా? ఇయ్యాల్టితోని అయిపోయింది. రానీ, దాని ముఖం మీదనే చెప్త" అంది. బాపు తల వంచుకున్నాడు. తీగె దాచింది నేనని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ నాయనమ్మ మొహం చూసి మూసుకున్నాను. అమ్మ కొలువు పోగొట్టింది నేనే అనుకుని పెరట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను.

అమ్మ వచ్చింది. సంగతి వినగానే బుజ్జిని ఒళ్ళోకి లాక్కుని, దూది పెట్టిన చెవి ముద్దు పెట్టుకుని, "నా తల్లే, నొయ్యకపోయినా చెప్పాలె గదనే" అంటూ ఏడుస్తూ నవ్వింది. అప్పుడు నాయనమ్మ లేచి, కొంగు బిగించి, "ఇగో విమలా, ఇను" అని మొదలుపెట్టబోయింది. బుజ్జి చెయ్యి అడ్డం పెట్టింది.

"నాయనమ్మా, అమ్మ ఇప్పుడే వచ్చింది. గట్ల మీద పడద్దు. చిట్టీ రాయాలె."

నాయనమ్మ మొహం ఎర్రబడింది. "రాయాల్నా? నేను రాయాల్నా? సరే! నాకు రాయరాదు. ఓ పిల్లా, అరుణా, నువ్వు రాయి!" అని నా మీదికొచ్చింది. నేను పెన్సిలు పట్టుకున్నాను. "ఏమని నాయనమ్మా?" "కొలువు బంజెయ్యి అని రాయి." నా చేత్తో నేను ఆ మాట రాయాల్సొచ్చింది. అక్షరాలు వంకర్లు పోయాయి. చివరి ఆశగా, "ఆర్డినరీ రాయనా?" అన్నాను. రేపటిదాకా ఆగుతుంది గదా, ఆలోపు ఏ దేవుడైనా కరుణించకపోతాడా అని. "రేపటిదాక ఎవలాగుతరే? అన్నిట్ల పెద్దది ఏది?" "మెరుపు. గని దానికి ఎనిమిది పనులు చెయ్యాలె." "ఎనిమిది గాదు, ఎనభై చేస్త! నాకు పని జూసి భయమానే?"

రాశాను. అమ్మ చిట్టీ చదివింది. పోయి మొహం కడుక్కుని, లోపలి గదిలో రెండు పీటలు ఎదురెదురుగా వేసింది. చిట్టీ తిప్పి టైం రాసింది. "అత్తమ్మా, మెరుపు కాల్ వచ్చింది. రాండ్రి, మాట్లాడుండ్రి. మూడు నిమిషాలు" అని తలుపు దగ్గరికేసింది. మేం ముగ్గురం ఆ తలుపుకు చెవులానించాం. బుజ్జి దూదున్న చెవి ఆనించి "ఏం ఇనవస్తలేదు" అంది. చెవి మార్చుకొమ్మని బాపు సైగ చేశాడు.

నాయనమ్మ దంచేసింది. కొలువు, కచేరి, పల్లిగింజ, చేత్తో విరిచిన బెండకాయలు, అన్నీ కలిపి. అమ్మ గొంతు ఒక్కసారి కూడా వినిపించలేదు. ఒకటిన్నర నిమిషంలో నాయనమ్మ దగ్గర సరుకు అయిపోయింది. తరవాత అమ్మ అంది, "ఇంక టైమున్నది అత్తమ్మా."

"ఇంకేం చెప్పాలె? చెప్పిన గద."

"మీ ఇష్టం. లైను మీదే. నేను ఇంటాన."

ఆ తరవాత నాయనమ్మ గొంతు మారింది. మోకాళ్ళ సంగతి ఎత్తుకుంది. పొద్దున లేవాలంటే ఎట్లా నొస్తాయో చెప్పింది. మరిపెడలో దుకాణం సందడి చెప్పింది. "నేను మాట్లాడవడితె వాండ్లు లేచిపోతరు విమలా. దుకాణముల గిరాకి వచ్చిందంటరు, రాకపోయినా గంతే." బాపు తలుపు దగ్గర నుంచి జరిగి, గోడకానుకుని కూర్చున్నాడు. లోపల అమ్మ, బోర్డు మీది గొంతుతోనే, "త్రీ మినిట్స్ అత్తమ్మా. పెంచాల్నా?" అంది.

"పెంచు" అంది నాయనమ్మ.

ఆ తరవాత గొంతు బాగా తగ్గిపోయింది, మాకేమీ వినపడలేదు. మధ్యమధ్య "పెంచాల్నా", "పెంచు" మాత్రం వినిపించేవి. పన్నెండుసార్లో ఏమో, లెక్క తప్పింది. బాపుకు ఆకలైంది. "అన్నం ఎక్కడున్నది? అర్జెంట్" అని చిట్టీ రాసి తలుపు కింద నుంచి తోశాడు. అదే చిట్టీ వెనక్కి వచ్చింది. మీద అమ్మ రాత. "లైన్ బిజీ." నలభై ఏళ్ళ మనిషి దిక్కులు చూసి, జీవితంలో మొదటిసారి పొయ్యి ముట్టించి మా ఇద్దరికీ చాయ్ పెట్టాడు. చాపత్త బదులు మిరియాలపొడి వేశాడు. అన్నీ వేశాడు, చాపత్త ఒక్కటే లేదు. తాగి ముగ్గురం తుమ్ముతూ కూర్చున్నాం.

దీపాలు పెట్టే వేళకు తలుపు తెరుచుకుంది. నాయనమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మ కళ్ళు కూడా. "ఆ ఎనిమిది పనులేందో చెప్పుండ్రి" అంది నాయనమ్మ, ముక్కు చీదుతూ.

"అవ్వా, మరి కొలువు సంగతి?" అన్నాడు బాపు, తుమ్ము ఆపుకుంటూ.

"ఏం సంగతి? పొద్దున ఏడు గంటలకు దానికి డ్యూటీ ఉన్నది. అన్నం డబ్బ నేను కడత. అది ఒకటో పని." ఇంకేదో గుర్తొచ్చినట్టు ఆగి, "ఆ తీగె ఏదిరా? డ్రమ్ము ఎనుకాల ఎవలు వెట్టిండ్రు? మేకుకు తగిలియ్యుండ్రి" అంది. నేనే పెట్టానని అప్పుడు చెప్పాను. ఎవరూ తిట్టలేదు, దాంతో మళ్ళీ ఏడుపొచ్చింది.

నాయనమ్మ వారం తిరక్కుండా ఏడు పనులు చేసింది. ఎనిమిదోది మాత్రం చెయ్యలేదు. నెల కాగానే పెదనాయన తీసుకుపోవడానికి వస్తే "ఇంకొక్క పని ఉన్నదిరా, అది కాంగనే వస్త" అంది. పండక్కి వచ్చినా అదే మాట, ఎండాకాలం వచ్చినా అదే మాట. ఆ ఒక్క పని చెయ్యకుండా తొమ్మిదేళ్ళు మా ఇంట్లోనే ఉండి, మా ఇంట్లోనే కన్నుమూసింది. మా చిట్టీల్లో సగం ఆమెవే, అన్నీ నాతోనో బుజ్జితోనో రాయించినవే. "పాలాయన నీళ్ళు కలుపుతాండు. అర్జెంట్." ఆ అర్జెంట్‌ల కోసం బిందెలు మోసింది ఆమె కాదు, మేము.

ఇప్పుడు మా ఇంట్లో నలుగురికి ఐదు ఫోన్లు. బుకింగు లేదు, మూడు నిమిషాల గడువు లేదు, ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడొచ్చు. కుటుంబం గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు వస్తాయి, నేనూ ఒక పువ్వు పంపి ఆ పని అయిందనుకుంటాను. బెంగుళూరు నుంచి నా బిడ్డ గొంతు రికార్డు చేసి పంపుతుంది. దాన్ని రెండింతల వేగంతో వింటే తొందరగా అయిపోతుందని నాకెవరో నేర్పారు. సిగ్గులేకుండా అట్లాగే వింటున్నాను. నా బిడ్డ మాటలు చిలకపలుకుల్లా గబగబా పోతాయి, నేను పప్పు కలుపుతూ ఊఁ కొడతాను, అది ఆమెకు వినపడదు కూడా. అమ్మ రోజుకు ఏడు గంటలు ఊరి మాటలన్నీ విని వచ్చి మా మాట వినేది. నేను రిటైరై ఇంట్లో కూర్చుని ఎవరి మాటా వినడం లేదు. కాలం మారిందని అనడానికి నోరు రావడం లేదు, మారింది నేనే.

తీగె తీసుకుని అమ్మ దగ్గరికి పోయాను. అమ్మకు ఎనభై దాటాయి. కుడి చెవి పనిచెయ్యదు, ఎడమ చెవి తనకిష్టమైనప్పుడు పనిచేస్తుంది. మంచం మీద కూర్చుని బిస్కెట్టు చాయ్‌లో ముంచుతోంది. ఇద్దరం చిట్టీలు ఒక్కొక్కటే చూశాం. ఆమె నవ్వి నవ్వి, బిస్కెట్టు కప్పులో పడిపోయింది. ప్రతి చిట్టీ వెనకా మొదలు ఉంది, ముగింపు ఉంది. బుజ్జి పల్లిగింజకు కూడా "ముగింపు: దవాఖానల" అని రాసుంది. ఒక్క మెరుపు చిట్టీకే, వంకర్లు పోయిన నా అక్షరాల వెనక, "మొదలు 3-20" అని ఉంది. "ముగింపు" అన్న మాట పక్కన ఖాళీ.

"అమ్మా, ఆనాడు నాయనమ్మ ఏం మాట్లాడిందే?" అని ఎడమ చెవిలో అరిచాను.

"ఒకరి కాల్ ముచ్చట ఇంకొకరికి చెప్పద్దు" అంది, ఇన్నేళ్ళ తరవాత కూడా.

"సరే, చెప్పకు. మరి ముగింపు రాయనే లేదు?"

అమ్మ చిట్టీ చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. దాన్ని బొటనవేలితో నిమిరి నాకిచ్చింది.

"ఎట్ల రాస్త బిడ్డా? ఆ లైను నేను కట్ చెయ్యనే లేదు గదా."

వంటింట్లోకి పోయి, రంగులాయనను గోడకు ఒక మేకు కొట్టమన్నాను. "ఇప్పుడే రంగేసినం గదమ్మా, కరాబైతది" అని మొత్తుకున్నాడు. కొట్టమన్నాను.